35 డాలర్ల బోర్డుకు బ్లాక్ రేటు ఎలా వచ్చింది?

అందరికీ నమస్కారం. క్లబ్ వాళ్లు నన్ను గిరాకీ, సరఫరాల మీద మాట్లాడమన్నారు. ఎకనామిక్స్ క్లాసులో గీసే ఆ రెండు గీతల జోలికి నేను పోను. మీలో చాలామంది చేతుల్లోకి ఏదో ఒక సెమిస్టర్‌లో వచ్చే ‘రాస్ప్‌బెర్రీ పై’ అనే చిన్న కంప్యూటర్ బోర్డు గురించే చెబుతాను. 2021 నుంచి 2023 దాకా అది దొరక్క జనం నానా తిప్పలు పడ్డారు. ఆ రెండేళ్లలో జరిగింది చూస్తే ధర అనేది ఎవరి చేతిలో ఎలా ఆడుతుందో తెలుస్తుంది.

ఈ బోర్డు 2012 ఫిబ్రవరి 29న బయటికొచ్చింది. ధర 35 డాలర్లు. పాడైపోతుందేమోనన్న భయం లేకుండా పిల్లలు కంప్యూటర్‌తో కుస్తీ పట్టాలన్నది దాని వెనకున్న ఆలోచన. అందుకే ఆ 35 అంకె వాళ్లకు అంత ముఖ్యం. కొత్త మోడళ్లు వస్తున్నా ఉన్న మోడల్ ధర ఎప్పుడూ పెంచలేదు. 2021 అక్టోబర్‌లో మొదటిసారి పెంచారు. 2 జీబీ మెమరీ ఉన్న ‘పై 4’ మోడల్ ధర 35 నుంచి 45 డాలర్లయింది. దాన్ని ప్రకటిస్తూనే ఆ కంపెనీ అధినేత ఎబెన్ అప్టన్ ఇంకో లెక్క చెప్పారు. ఆ ఏడాది తయారయ్యేవి సుమారు 70 లక్షల బోర్డులు, అంటే 2020లో ఎన్ని చేశారో దాదాపు అన్నే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. కరువు అనగానే సరుకు తగ్గిపోయిందనుకుంటాం. ఇక్కడ సరుకు తగ్గలేదు. అడిగేవాళ్లు పెరిగారు. లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చున్నవాళ్లు కొన్నారు, పిల్లల చదువుకని కొన్నారు, తమ యంత్రాల్లో ఈ బోర్డునే బిగించి అమ్మే చిన్న ఫ్యాక్టరీలు కొన్నాయి. అదే సమయంలో ల్యాప్‌టాప్‌లకు, ఫోన్లకు, కార్లకు కూడా చిప్‌లు కావాల్సి వచ్చింది. కార్ల కంపెనీలు 2020లో ఆర్డర్లు రద్దు చేసుకుని, అమ్మకాలు పుంజుకోగానే మళ్లీ పరిగెత్తుకొచ్చాయి. అప్పటికే చిప్ ఫ్యాక్టరీల్లో లైన్ నిండిపోయింది. 40 నానోమీటర్ అనే పాత తయారీ టెక్నాలజీ చిప్‌లకు మరీ ఇబ్బంది. రాస్ప్‌బెర్రీ మోడళ్లలో ‘పై 3’, ‘జీరో’ బోర్డులు వాటి మీదే ఆధారపడ్డాయి. పాత టెక్నాలజీకి కొత్త ఫ్యాక్టరీ కట్టడానికి ఎవరూ తొందరపడరు. కట్టినా అందులోంచి చిప్ బయటికి రావడానికి ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు బ్లాక్ సంగతి. గుర్తింపు పొందిన షాపుల్లో ధర మామూలే ఉండేది, బోర్డు మాత్రం ఉండేది కాదు. మనిషికి ఒక్కటే అని షరతు పెట్టారు. ఎక్కడ స్టాక్ వచ్చిందో చెప్పడానికి ఆర్‌పీఐ లొకేటర్ అనే సైటే పుట్టింది. అందులో ఆకుపచ్చ గీత కనిపించి, మీరు నొక్కేలోపు సరుకు మాయం. ఆన్‌లైన్ మార్కెట్లలో మాత్రం అదే బోర్డు రెండింతలకు, మూడింతలకు దర్జాగా దొరికేది. ఇంకో పద్ధతి కాంబో కిట్. బోర్డు ఒక్కటే ఇవ్వరు. దానితో ప్లాస్టిక్ కేసు, చిన్న ఫ్యాను, మెమరీ కార్డు, కేబుల్, అడాప్టర్ అన్నీ కలిపి ఒకే రేటు. మీ ఇంట్లో అవన్నీ ఉన్నా సరే, మళ్లీ కొనాల్సిందే. బిల్లులో బోర్డు ధర ఎక్కడా పెరిగినట్టు కనబడదు.

ఇది కొత్త తెలివేం కాదు. మన ఊళ్లలో యూరియా కొరత వచ్చినప్పుడల్లా రైతులు చెప్పే ఫిర్యాదు ఇదే. బస్తా 266.50 రూపాయలకే ఇస్తారు, కానీ పక్కన ఇంకో మందు కూడా కొనాలి. ధరకు మూత పెడితే ఆవిరి పక్కనుంచి తన్నుకొస్తుంది.

ఎకనామిక్స్ పుస్తకం బ్లాక్‌లో అమ్మేవాణ్ని కొంత వెనకేసుకొస్తుంది. ధర పెరిగితే నిజంగా అవసరమున్నవాడికే సరుకు చేరుతుందని, లాభం చూసి తయారీదారు ఇంకా ఎక్కువ చేస్తాడని అంటుంది. టమాటాకు రెండోది కొంతవరకు నిజమే. రేటు చూసి వచ్చే పంటకు ఇంకో నాలుగెకరాలు వేస్తారు. చిప్ విషయంలో ఆ మాట చెల్లదు. 35 డాలర్ల బోర్డును ఎవడో 100కి అమ్మితే ఆ 65లో ఒక్క సెంటు కూడా కంపెనీకి వెళ్లలేదు, చిప్ ఫ్యాక్టరీకీ వెళ్లలేదు. ఆ డబ్బు ఒక్క కొత్త బోర్డును కూడా పుట్టించలేదు. నాకు అభ్యంతరం అక్కడే. ధర ఎక్కువైందని కాదు, ఆ ఎక్కువ ఎక్కడికి పోయిందన్నదే ప్రశ్న.

పోనీ, అవసరమున్నవాడికే చేరిందా? డబ్బున్నవాడికి చేరింది. ప్రాజెక్టు సబ్మిషన్ దగ్గర పడిన విద్యార్థికి అవసరం ఎంతున్నా జేబులో లేదు.

కంపెనీ ఏం చేసిందో చూడండి. నెలకు సుమారు అయిదు లక్షల బోర్డులు చేస్తూ, అందులో ముందుగా వ్యాపారాలకు ఇచ్చింది. బోర్డు రాకపోతే చిన్న ఫ్యాక్టరీలో జీతాలు ఆగిపోతాయి, మన ఇంట్లో అయితే రెట్రో గేములు ఆగుతాయి, అంతే. హాబీ వాళ్లు గట్టిగానే తిట్టుకున్నారు. నాకైతే ఆ నిర్ణయం సబబే అనిపిస్తుంది. 2022 డిసెంబర్‌లో క్రిస్మస్‌కని లక్ష బోర్డులు విడిగా హాబీ వాళ్ల కోసమే పక్కన పెట్టారు. 2023 రెండో సగానికి కొరత సద్దుమణిగింది.

చట్టం ఏం చేస్తుందని మీరు అడగొచ్చు. మన దేశంలో ఎమ్మార్పీ మించి అమ్మితే నేరం. కానీ దిగుమతి సరుకు మీద ఆ ఎమ్మార్పీ స్టిక్కర్ వేసేది దిగుమతిదారే. ఎంత వేసుకోవాలో కూడా అతని ఇష్టమే. 2020 మార్చిలో మాస్కులను, శానిటైజర్లను నిత్యావసర సరుకుల చట్టం కిందకు తెచ్చి, 200 మిల్లీలీటర్ల శానిటైజర్ 100 రూపాయలు దాటకూడదన్నారు. అది ప్రాణాల వ్యవహారం. హాబీ బోర్డు కోసం ఏ ప్రభుత్వమూ అలా దిగిరాదు. దిగిరావాలని నేనూ అనను.

మన పాత్ర కూడా ఉంది మరి. మళ్లీ దొరుకుతుందో లేదోనని ఒకటి చాలినచోట మూడు ఆర్డర్ పెట్టినవాళ్లు, నాలుగు షాపుల్లో ఒకేసారి పేరు రాయించుకున్నవాళ్లు తక్కువేం కాదు. షాపువాడికి అది నలుగురి గిరాకీలా కనబడుతుంది. చాలా సొరుగుల్లో సీలు విప్పని బోర్డులు ఇప్పటికీ ఉన్నాయి.

బ్లాక్ రేటు నడ్డి విరిచింది చట్టమో నీతి బోధలో కాదు. ఉత్పత్తి పెరగడం ఒకటి, జనం పక్కకు తప్పుకోవడం రెండోది. మట్టిలో తేమ చూసి మోటారు ఆన్ చేయడానికి లినక్స్ నడిచే కంప్యూటర్ ఎందుకు? హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో కొన్ని వందలకు దొరికే ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డు చాలు. రాస్ప్‌బెర్రీ పై వాళ్లే సొంత చిప్‌తో 2021 జనవరిలో 4 డాలర్లకు తెచ్చిన పికో అనే కంట్రోలర్ బోర్డు కూడా ఇలాంటి పనులకు సరిపోతుంది. సర్వర్ నడపాలనుకున్నవాళ్లు ఆఫీసులు వదిలించుకున్న పాత మినీ పీసీలు కొన్నారు. అలా వెళ్లినవాళ్లలో చాలామంది వెనక్కి రాలేదు.

2025 డిసెంబర్‌లో మళ్లీ ధర పెరిగింది, ఈసారి కారణం వేరు. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఎగరేసుకుపోతుంటే ర్యామ్ ఖరీదైంది. 16 జీబీ ‘పై 5’ మోడల్‌ను 120 నుంచి 145 డాలర్లకు పెంచి, దానితోపాటే 45 డాలర్లకు 1 జీబీ మోడల్ తెచ్చారు. ఇక్కడ పెంచింది తయారీదారు, పెరిగిన డబ్బు మెమరీ కొనుగోలుకు పోతోంది. దీన్నీ బ్లాక్‌నూ ఒకే గాటన కట్టి తిట్టకండి. మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు మాత్రం ఆ 1 జీబీ సరిపోతుందేమో ముందు చూసుకోండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.