సంకల్పంలో ఏం అడుగుతున్నాం?

అందరికీ నమస్కారం. ధర్మాచరణకూ ఆధ్యాత్మిక సాధనకూ తేడా ఎక్కడుందో తెలుసుకోవడానికి ఉపనిషత్తుల దాకా పోనక్కర్లేదు. సత్యనారాయణ వ్రతంలో పురోహితుడు చెప్పించే సంకల్పం కాస్త చెవిన వేసుకుంటే చాలు. ‘మమోపాత్త దురితక్షయ ద్వారా శ్రీ పరమేశ్వర ప్రీత్యర్థం’ అని మొదలవుతుంది. దేశకాలాలు, గోత్రనామాలు అయ్యాక ‘క్షేమ స్థైర్య ధైర్య విజయ అభయ ఆయురారోగ్య ఐశ్వర్యాభివృద్ధ్యర్థం’ అంటాం. ఆ వెనకే ‘ధర్మార్థ కామ మోక్ష’ అని కూడా అంటాం. అంటే మోక్షాన్నీ అడిగేశాం, సరుకుల చీటీలో ఆఖరి పద్దులా! చాలామందికి అడిగిన సంగతే తెలియదు. అప్పటికి ధ్యాసంతా అక్షింతలు ఎప్పుడు వదలాలా అన్నదాని మీదే ఉంటుంది.

ఇందులో తప్పేమీ లేదు. ఇది కామ్యకర్మ, ఫలం కోరి చేసేది. అందుకే కొలత ముఖ్యం. ప్రసాదానికి గోధుమనూక, పంచదార, నెయ్యి సపాదంగా, అంటే ఒకటింపావు లెక్కన తీసుకుంటారు.

సంధ్యావందనం నిత్యకర్మ, రోజూ తప్పక చేయాల్సింది. అక్కడ సంకల్పం ‘పరమేశ్వర ప్రీత్యర్థం’ దగ్గరే ఆగుతుంది, ఐశ్వర్యం ఊసుండదు. ఆచమనానికి అరచేతిలో మినపగింజ మునిగేటన్ని నీళ్లు, మూడు అర్ఘ్యాలు, గాయత్రి 108, కుదరకపోతే 28, అదీ కాకపోతే 10. కోరిక పలచబడింది, కానీ ‘నేను చేస్తున్నాను’ అనేవాడు చెక్కుచెదరలేదు. వాడెవడని ఆరా తీయడంతో సాధన మొదలవుతుంది.

మీమాంసా సూత్రాలు రాసిన జైమిని ‘అథాతో ధర్మజిజ్ఞాసా’ (ఇక ధర్మాన్ని తెలుసుకుందాం) అన్నాడు, బ్రహ్మసూత్రాలు రాసిన బాదరాయణుడు ‘అథాతో బ్రహ్మజిజ్ఞాసా’ (ఇక బ్రహ్మాన్ని తెలుసుకుందాం) అన్నాడు. ‘అథ’ అంటే ఆ తర్వాత. దేని తర్వాత? బ్రహ్మసూత్ర భాష్యంలో శంకరులు కర్మలు పూర్తిచేశాక అని చెప్పలేదు. వివేకం, వైరాగ్యం, శమదమాది ఆరు (మనసునీ ఇంద్రియాలనూ అదుపులో పెట్టడం వంటి ఆరు గుణాలు), ముముక్షుత్వం అంటే మోక్షం కావాలన్న తపన కుదిరాక అన్నారు. కర్మవల్ల చిత్తశుద్ధి, అంటే మనసు నిర్మలం కావడం, వస్తుంది. అంతేగానీ కోటి జపం చేసిన లెక్కను జ్ఞానం కింద జమ చేసుకోవడం కుదరదు.

దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది. నాలుగు వేదాంత ఉపన్యాసాలు విని, ‘అంతా బ్రహ్మమే’ అని దీపం పెట్టడం మానేస్తారు. ఆ ఆరింటిలో తితిక్ష, అంటే ఓర్పు, ఒకటి. పొద్దున కాఫీ అరగంట ఆలస్యమైతే అదెంత ఉందో ఇంట్లోవాళ్లే చెబుతారు. ఇక ధ్యానంలో వెలుగులు కనబడాలని కూర్చునేవాళ్లది కామ్యకర్మే, కళ్లు మూసుకుని చేస్తున్నారంతే. సిద్ధులు, అంటే సాధనలో వచ్చే అద్భుత శక్తులు, సమాధికి అడ్డంకులని యోగసూత్రాలే చెప్పాయి.

బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతిముని మంత్రజపంలో ఆరితేరినవాడు. 1907 నవంబర్ 18న అరుణాచలంలో రమణుల దగ్గరకు వెళ్లి, శాస్త్రాలు చదివాను, జపం తనివితీరా చేశాను, అయినా తపస్సంటే ఏమిటో తెలియలేదని మొరపెట్టుకున్నాడు. ‘నేను’ ఎక్కడ పుడుతోందో చూడమన్నారు రమణులు. మంత్రం జపిస్తుంటే ఆ నాదం పుట్టే చోటు గమనించమన్నారు. జపం వదిలేయమనలేదు.

ఇంట్లో చేసి చూడాలంటే, 108 పూర్తికాగానే లేవకండి. మాల పక్కన పెట్టి పదిసార్లు మానసికంగా జపించి, మాట ఎక్కణ్నుంచి లేస్తోందో చూస్తూ కూర్చోండి. మొదట్లో కునుకు పడుతుంది, లేదా ఆఫీసు పనులు గుర్తొస్తాయి. అప్పుడు మనసుతో కుస్తీ పట్టకుండా ఉపాంశువుకు, అంటే పెదవులు మాత్రం కదిలే జపానికి దిగి, మనసు నిలిచాక మళ్లీ మానసికానికి వెళ్లండి.