సోమశిల ఒడ్డున గుడారం, తరలివచ్చిన గుడి

అధ్యాపక మిత్రులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

సముద్రతీరం లేని మన ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో, నీటి ఒడ్డున గుడారం వేసుకొని ఒక రాత్రి గడపాలనుకునేవారు కొల్లాపూర్ దగ్గరి సోమశిలకు వెళుతుంటారు. చాలామంది ఎదుటి నల్లమల కొండలను ఫోటో తీసుకొని, గుడిలో దండం పెట్టుకొని వెనుదిరుగుతారు. ఆ ఒడ్డునూ ఆ గుడినీ కలిపి చూడమని నా మనవి. ఆ రెండింటినీ ఇప్పుడున్న చోటికి తెచ్చింది ఒకే ఆనకట్ట.

1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలం ప్రాజెక్టులో నీళ్లు నిలిచేసరికి కృష్ణ ఒడ్డున ఊళ్లూ పొలాలూ మునిగాయి. నిర్వాసితులకు దక్కిందేమిటో, దక్కనిదేమిటో ఈ సభలోని పెద్దలకు నాకన్నా బాగా తెలుసు. గుళ్లలో కొన్నింటిని మాత్రం రాయికి రాయి విడదీసి, వరుస తప్పకుండా అంకెలు వేసి, ముంపు అందని చోట తిరిగి పేర్చారు. సోమశిల సోమేశ్వరాలయం, జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయం అలా తరలివచ్చినవే. బాదామి చాళుక్యుల నాటి కూడవెల్లి సంగమేశ్వర గుడిని అలంపురానికి చేర్చారు; కృష్ణా తుంగభద్రలు కలిసే చోట కొలువైన సంగమేశ్వరుడు ఇప్పుడు ఆ సంగమానికి దూరంగా ఉన్నాడు. ఇలాంటి గుడికి వెళ్లినప్పుడు విగ్రహాలతో ఆగిపోకుండా, గోడ మీది చెక్కడపు గీత ఒక రాయి నుంచి పక్క రాయికి ఎలా సాగిందో నిదానంగా చూడండి. మళ్లీ పేర్చిన పనివారి ఓర్పు అక్కడ తెలుస్తుంది.

ఇక గుడారం సంగతి. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. ఎండాకాలంలో నీళ్లు బాగా దిగిపోయి, వానాకాలంలో కృష్ణ ఎగువన ఉన్న జూరాల ప్రాజెక్టు గేట్లు ఎత్తాక తిరిగి పైకి వస్తాయి కాబట్టి, నిరుడు గుడారం వేసిన చోటు ఈ ఏడు నీళ్లలో ఉండవచ్చు. నీరు తీసిన నేల బీటలు వారి గట్టిగా కనిపించినా, మడమ మోపితే పైపెచ్చు విరిగి కాలు ఒండ్రులో దిగుతుంది. అక్కడ మేకులూ నిలవవు. అందువల్ల పుట్టి మీద వలలు వేసే జాలరులను అడిగి, వారు చూపిన మెరక మీదనే గుడారం వేయాలి. ఈత సరదా ఉన్నవారికి మరొక మాట: నీటి అడుగున వలలూ మోడులూ ఉంటాయి, వాటిలో కాలు చిక్కితే ఎంత ఈత వచ్చినా లాభం లేదు. అటవీ శాఖ అనుమతి లేకుండా నల్లమల వైపు వెళ్లి మంట వేయడం నేరం కూడా.