ముక్క ఇచ్చి ఇరవై ఆరు రోజులు: క్యాన్సర్ పరీక్షలపై ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ వైద్య కళాశాలల్లో పెథాలజీ, అంటే ఒంట్లోంచి తీసిన ముక్కను పరీక్షించి జబ్బు తేల్చే శాస్త్రం, బోధించి విశ్రాంతి తీసుకుంటున్న డాక్టర్ గారు ఈ రోజు మనతో ఉన్నారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్యాన్సర్ పరీక్షలకు, చికిత్సకు నిపుణుల కొరత మన విషయం. నమస్కారం మేడమ్.

డాక్టర్: నమస్కారమండీ. విశ్రాంతి అన్నారు, మా ఇంట్లో వాళ్ళు వింటే నవ్వుతారు. ముందుగా ఒక మాట. ఆసుపత్రి పేరు, డాక్టరు పేరు ఎవరూ చెప్పవద్దు. జబ్బు చెప్పండి, తేదీలు చెప్పండి.

వ్యాఖ్యాత: మొదటి ఫోను ముమ్మిడివరం నుంచి. చెప్పండి.

శ్రోత (ముమ్మిడివరం): నమస్కారం డాక్టరమ్మ గారూ. మాది ముమ్మిడివరం దగ్గర లంక అండీ. మూడెకరాల కొబ్బరి. మా ఇంటావిడకు ఎడమ రొమ్ములో గడ్డ. సంక్రాంతికి ముందే చూసుకుందట, నాకు చెప్పలేదు. పండుగకు అల్లుడు వస్తాడు, పిండివంటలు ఉన్నాయని ఊరుకుంది. తర్వాత నేను దింపు పనిలో పడ్డాను. కూలీలు దొరకలేదండీ ఈసారి, దొరికినవాళ్ళేమో...

డాక్టర్: అయ్యా, గడ్డ సంగతి.

శ్రోత: ఆయ్, అదేనండీ. ఏరియా ఆసుపత్రిలో సూది పరీక్ష చేశారు. తేలలేదన్నారు. మళ్ళీ లావు సూదితో ముక్క తీశారు. అది చదివే డాక్టరు ఇక్కడ లేరు, పెద్ద ఆసుపత్రి ల్యాబులో ఇచ్చి రండి అని సీసా నా చేతికే ఇచ్చారు. రావులపాలెంలో బస్సు మారి, సీసా ఒడిలో పెట్టుకుని వెళ్ళాను. పక్కాయన అదేమిటని అడిగితే గంగ తీర్థమని చెప్పాను.

డాక్టర్: (నవ్వు) మూత తీసి చూశారా? కళ్ళు మండే ఘాటు వాసన ఉందా?

శ్రోత: ఉందండీ. దగ్గు వచ్చింది.

డాక్టర్: అయితే ఫార్మలిన్‌లోనే వేశారు, ముక్క కుళ్ళకుండా కాపాడే ద్రవం అది. వింటున్న అందరికీ చెబుతున్నాను, ముక్కను నీళ్ళలో వేయకూడదు, సెలైన్‌లో వేయకూడదు. కుళ్ళిపోతుంది. ఆ ముక్కను నాలాంటివాళ్ళు పదిమంది కూర్చుని చూసినా ఏమీ చెప్పలేరు. ఇచ్చి ఎన్నాళ్ళయింది?

శ్రోత: నేటికి ఇరవై ఆరు రోజులండీ. రెండుసార్లు వెళ్ళాను, రాలేదన్నారు. మా వదిన ఏమంటుందంటే, గడ్డ మీద కత్తి పెట్టినా సూది పెట్టినా జబ్బు ఒళ్ళంతా పాకుతుందట. పాకుతుందా అండీ?

డాక్టర్: పాకదు. ముక్క తీయకుండా అది ఏ జబ్బో చెప్పగలిగే మనిషి భూమి మీద లేడు. మీ వదిన గారి మాట పక్కన పెట్టండి. సీసా మీద పేరు దేనితో రాశారు?

శ్రోత: పెన్నుతోనండీ. దారిలో కొంచెం ఒలికి, అక్షరాలు అలుక్కుపోయాయి.

డాక్టర్: చూశారా! పెన్సిలుతో రాయాలి. ఫార్మలిన్ తగిలితే సిరా కరిగిపోతుంది. పెన్సిలు గీత చెక్కుచెదరదు. ఎన్ని వందలసార్లు చెప్పానో ఈ మాట. ల్యాబులో సీసా తీసుకుని చీటీ ఇచ్చారా? దాని మీద నెంబరు ఉందా?

శ్రోత: చీటీ ఇచ్చారండీ. నెంబరు చూడలేదు. బీరువాలో ఉంది.

డాక్టర్: వెళ్ళి చూసి మళ్ళీ ఫోన్ చేయండి. ఆ నెంబరే మీ ఆవిడ ఇప్పుడు.

శ్రోత: సరేనండీ. ప్రైవేటులో అయితే మూడు రోజుల్లో ఇస్తారట కదండీ, మరి వీళ్ళకు ఇన్నాళ్ళు ఎందుకు?

డాక్టర్: న్యాయమైన ప్రశ్న. ఆ ముక్కకు ఏం జరుగుతుందో చెబుతాను. ముందు ఫార్మలిన్‌లో నానాలి. తర్వాత దానిలోని నీరంతా తీసి మైనం ఎక్కించి దిమ్మె పోస్తారు. ఆ దిమ్మెను టెక్నీషియన్ కోత యంత్రం మీద మూడు నాలుగు మైక్రాన్ల మందాన కోస్తాడు. అంటే మిల్లీమీటరును రెండు వందల యాభై పొరలు చేస్తే వచ్చే పొర. గోరువెచ్చని నీళ్ళ మీద అది రిబ్బనులా తేలుతుంది. చిరగకుండా, ముడత పడకుండా గాజు పలక మీదికి ఎత్తాలి. మీ కోనసీమ వాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఆత్రేయపురంలో కుండ మీద పూతరేకు తీస్తారే, ఆ చేయి ఒక్కరోజులో వస్తుందా? ఇదీ అంతే. తర్వాత రంగులు వేస్తే మా దగ్గరికి వస్తుంది. అన్నీ సరిగా ఉంటే మూడు నాలుగు రోజుల పని. కానీ కోసే టెక్నీషియన్ ఒక్కడే ఉండి, అతను కాంట్రాక్టు మనిషై, సెలవు మీద వెళితే సీసాలు అలమరలో వరుస కడతాయి. చదివే డాక్టరు పిల్లలకు పాఠం చెప్పాలి, పరీక్షలు పెట్టాలి, రక్త పరీక్షలూ చూడాలి. 2023లో రాజమహేంద్రవరంలో, ఏలూరులో, మచిలీపట్నంలో కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. సంతోషమే. ప్రతి కళాశాలకూ పెథాలజీ విభాగం కావాలి. ఆ డాక్టర్లు ఎక్కడి నుంచి వస్తారు? ఎంబీబీఎస్ ఐదున్నరేళ్ళు, ఆపైన పీజీ మూడేళ్ళు. భవనం రెండేళ్ళలో లేస్తుంది, మనిషి లేవడు. ఉన్నవాళ్ళనే డిప్యుటేషన్ మీద అటూ ఇటూ తిప్పుతారు.

శ్రోత: అర్థమైందండీ. అయితే ముక్క తీసినందువల్ల పాకదంటారు.

డాక్టర్: పాకదయ్యా! చీటీ చూడండి ముందు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. తర్వాత నరసాపురం నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (నరసాపురం): నమస్తే మేడమ్. మాకు దగ్గర్లో ఆసుపత్రిలో స్కానింగ్ మిషను ఉంది. వారానికి రెండు రోజులే తీస్తారు. మిషను ఉన్నప్పుడు నర్సమ్మ గారితో తీయించవచ్చు కదా?

డాక్టర్: కుదరదమ్మా, చట్టం ఒప్పుకోదు. గర్భంలో ఆడపిల్లలను చంపకుండా 1994లో చేసిన చట్టం ఉంది. ఆ మిషను మీద అర్హత ఉన్న డాక్టరు పేరు నమోదు అయి ఉండాలి, వారే తీయాలి. స్కానింగ్ డాక్టరు ఒక్కరే ఉండి మూడు ఊళ్ళు తిరుగుతుంటే మీకు రెండు రోజులే వస్తాయి. ఏయే రోజులో కనుక్కుని వెళ్ళండి.

శ్రోత: ఇంకొకటి మేడమ్, మా అత్తగారికి మోకాలు...

వ్యాఖ్యాత: మోకాళ్ళ గురించి మరోసారి అమ్మా. ధన్యవాదాలు. పాలకొల్లు నుంచి.

శ్రోత (పాలకొల్లు): మేడమ్, మా నాన్నగారికి నాలుక క్యాన్సరు. కరెంటు, అదే రేడియేషన్, పెడుతున్నారు. ముప్పై మూడు సార్లు అన్నారు, పందొమ్మిది అయ్యాయి. మిషను పని చేస్తోంది కానీ ఫిజిసిస్టు సెలవులో ఉన్నారని నాలుగు రోజులు ఆపారు. డాక్టర్లు ఉన్నారు కదా, ఆయన లేకపోతే ఏమవుతుంది?

డాక్టర్: ఆపడమే మంచిది బాబూ. ఎంత మోతాదు ఎక్కడ పడుతుందో లెక్క కట్టి సరిచూసేది ఆయన. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, ఆపైన రేడియేషన్ భౌతికశాస్త్రంలో ప్రత్యేకంగా తర్ఫీదు పొందినవారు. అలాంటివారు లేకుండా ఈ మిషను నడపడానికి అణుశక్తి నియంత్రణ బోర్డు నిబంధనలు ఒప్పుకోవు. కోట్లు పోసి మిషను కొంటాము, రిబ్బను కత్తిరిస్తాము. ఈయన పోస్టు ఖాళీగా ఉందని ఫోటోలో ఎవరికీ కనబడదు.

శ్రోత: నాలుగు రోజులు ఆగితే ఫరవాలేదా?

డాక్టర్: ఫరవాలేదు అనను. నోరు, గొంతు క్యాన్సర్లలో మధ్యలో విరామం వస్తే మిగిలిన కణాలు మళ్ళీ పెరుగుతాయి. పోయిన రోజులను ఎలా పూడుస్తారో రేపే మీ రేడియేషన్ డాక్టరును అడగండి. శనివారం పెట్టవచ్చు. ఒకే రోజు రెండుసార్లు, మధ్యలో కనీసం ఆరు గంటలు ఎడం ఇచ్చి పెట్టవచ్చు. నిర్ణయం వారిదే, అడగడం మీ పని. మీ అంతట మీరు మాత్రం మానవద్దు. నోరు మండుతోందని మానేస్తారు చాలామంది. మెత్తగా ఉడికించిన జావ తాగించండి. ఖైనీ పూర్తిగా మానేశారా?

శ్రోత: అప్పుడప్పుడు...

డాక్టర్: అప్పుడప్పుడేమిటి! ఫోను ఆయనకు ఇవ్వండి.

శ్రోత: నిద్రపోతున్నారు మేడమ్.

వ్యాఖ్యాత: సరే, ధన్యవాదాలు. తణుకు నుంచి.

శ్రోత (తణుకు): మేడమ్, ఈ ప్రభుత్వాలన్నీ ఒక్కటే, ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను, నేను అర్జీలు...

వ్యాఖ్యాత: ప్రశ్న ఏమిటి సార్?

శ్రోత: ప్రశ్న ఏముంటుందండీ, మనుషులు లేరని అందరికీ తెలుసు!

డాక్టర్: అర్జీలో ‘డాక్టర్లు లేరు’ అని రాయకండి. మంజూరైన పోస్టులు ఎన్ని, భర్తీ అయినవి ఎన్ని, డిప్యుటేషన్ మీద పోయినవి ఎన్ని అని సమాచార హక్కు కింద అడగండి. కాగితం మీద జవాబు వస్తుంది.

వ్యాఖ్యాత: భీమవరం నుంచి.

శ్రోత (భీమవరం): నమస్తే మేడమ్. హౌస్ సర్జన్సీ చేస్తున్నాను. పీజీలో పెథాలజీ వస్తే తీసుకోవాలా అని ఇంట్లో గొడవ. రోగిని చూడని డాక్టరును ఎవరు గుర్తుపెట్టుకుంటారని నాన్న అంటున్నారు.

డాక్టర్: (కొంచెం ఆగి) నిజమేనమ్మా, గుర్తుపెట్టుకోరు. ఏ రోగీ నా ఇంటికి అరటిగెల తీసుకురాలేదు. కానీ సర్జను కోయాలా వద్దా అని నా కాగితం కోసం చూస్తాడు. రాత్రి చూసిన పలక మీద అనుమానం వచ్చి, నిద్ర పట్టక తెల్లవారుజామున మళ్ళీ వెళ్ళి చూసినవి ఉన్నాయి. ఒకటి రెండు మారాయి కూడా. నీకు చూడడం ఇష్టమేనా?

శ్రోత: చాలా ఇష్టం మేడమ్.

డాక్టర్: అయితే రా తల్లీ. నాన్నగారితో నేను మాట్లాడతాను.

వ్యాఖ్యాత: ముమ్మిడివరం ఆయన మళ్ళీ లైనులో ఉన్నారు.

శ్రోత (ముమ్మిడివరం): డాక్టరమ్మ గారూ, చీటీ దొరికింది. నెంబరు ఉందండీ, చదవమంటారా?

డాక్టర్: వద్దు, రేడియోలో చదవకండి. నెంబరు ఉందంటే పుస్తకంలో ఎక్కింది, సీసా తప్పిపోలేదు. రేపు ఉదయం ఎనిమిదింటికే వెళ్ళండి. ‘రిపోర్టు వచ్చిందా’ అని అడగకండి, రాలేదంటారు. ‘ఈ నెంబరు ముక్క దిమ్మె పోశారా, పలక తయారైందా, ఎవరి దగ్గర ఉంది’ అని అడగండి. క్యాన్సర్ అని తేలితే హార్మోను పరీక్షలు కూడా కావాలి. ముక్క ఫార్మలిన్‌లోనే రోజుల తరబడి ఉండిపోతే ఆ పరీక్షలు సరిగా రావు, అందుకే దిమ్మె సంగతి అడగమంటున్నాను. ఇంకా ఆలస్యమంటే రసీదు రాసిచ్చి దిమ్మె, పలకలు తీసుకోండి. విశాఖలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, అక్కడికి పట్టుకుని వెళితే చూస్తారు. మళ్ళీ ముక్క తీయించే పని ఉండకపోవచ్చు.

శ్రోత: పసరు కట్టు వేస్తారట మా దగ్గర, అప్పటిదాకా...

డాక్టర్: వేయించవద్దు! పుండు పడుతుంది. అప్పుడు సర్జనుకు కూడా కష్టం.

శ్రోత: సరేనండీ, వేయించను. ఇదిగో, మా ఇంటావిడ పక్కనే ఉంది, ఒక్క మాట అడుగుతుందట.

మహిళ: డాక్టరమ్మ గారూ, సూది గుచ్చారు కదండీ, మరి పాకదా?

డాక్టర్: పాకదమ్మా. నువ్వు కూడా వెళ్ళు ఆయనతో. పెన్సిలు పట్టుకుని వెళ్ళు.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. మేడమ్, ధన్యవాదాలు. తర్వాత వార్తలు.