సంక్రాంతి తర్వాతి ఆదివారం: విజయనగర్‌లో పాతికేళ్లు దాటిన ఒక విందు

నేను: అందరికీ నమస్కారం. ఈ వారం మనతో మాట్లాడుతున్న అక్కది మదనపల్లె దగ్గర పల్లె. ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు, విజయనగర్‌లో ఉంటారు. ఏటా సంక్రాంతి తర్వాత వచ్చే ఆదివారం వీళ్ల ఇంట్లో స్నేహితులంతా చేరి పితికిపప్పు వండుకుంటారు. పెళ్లిళ్లు కాకముందు మొదలుపెట్టారు. ఇప్పుడు చాలామంది రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డారు, విందు మాత్రం ఆగలేదు. అక్కా, మన వాళ్లలో కోస్తా నుంచి, తెలంగాణ నుంచి వినేవాళ్లు కూడా ఉన్నారు. ముందు పితికిపప్పు అంటే ఏమిటో చెబుతారా?

అక్క: చెబుతాను నాయనా. అనపకాయలని చలికాలం పంట, చిక్కుడు జాతి కాయ. ఇక్కడ అవరేకాయి అంటారు. డిసెంబర్, జనవరిలో బెంగళూరులో ఏ మార్కెట్ చూసినా గుట్టలు పోసి ఉంటాయి. మాగడి వైపు నుంచి వచ్చే కాయకి పేరు. మంచు పడితే కాయ మీద జిడ్డు ఉంటుంది, ఘాటు వాసన వస్తుంది. ఆ వాసన చూసే కొనాలి. ఒలిస్తే సాయంత్రం దాకా చేతుల్ని వదలదు. గింజల్ని రాత్రంతా నానబెట్టి, పొద్దున బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే తోలు వేళ్ల మధ్య మిగులుతుంది, లోపలి పప్పు చటుక్కున గిన్నెలోకి దూకుతుంది. అదే పితకడం. ఉల్లిపాయ, టమాటా వేయించి, కొబ్బరి, ధనియాలు, చెక్క, లవంగం, అల్లం వెల్లుల్లి నూరి పోసి పులుసు చేస్తే, రాగి సంగటిలోకి దానికి మించింది లేదు.

నేను: బిర్యానీ తెప్పిస్తే అరగంటలో అయిపోయే పనికి ఇంత కష్టం ఎందుకని ఎవరూ అడగలేదా?

అక్క: ఏటా అడుగుతారు. పైగా ఇక్కడ మార్కెట్లో పితికిన పప్పు సిద్ధంగా దొరుకుతుంది, హితికిద బేళె అని కొలిచి ఇస్తారు. అది కొనేద్దాం అక్కా, వేళ్లు నొప్పులు అంటారు. నేను ఒప్పుకోను. ఇరవై ముప్పై మందికి సరిపడా పప్పు ఒక్క మనిషి పితకాలంటే రోజంతా పడుతుంది. అందుకే అందరూ పొద్దున్నే వచ్చి కూర్చోవాలి. పెద్ద పళ్లెం చుట్టూ నలుగురైదుగురు. చేతులు పనిలో ఉంటాయి, కళ్లు గింజల మీద ఉంటాయి. ఎదుటివాళ్ల ముఖం చూస్తూ చెప్పలేని మాటలు అప్పుడు బయటికి వస్తాయి. ఒకాయనకి ఉద్యోగం పోయిన సంగతి మాకు తెలిసింది ఆ పళ్లెం దగ్గరే. ఇంట్లో భార్యకి కూడా ఇంకా చెప్పలేదప్పటికి. బఫే లైన్లో ప్లేటు పట్టుకుని నిలబడి ఆ మాట ఎవరైనా చెబుతారా?

నేను: దీనికి సంబంధించి ఒక పరిశోధన ఉందక్కా. అమెరికాలో కాన్సస్ యూనివర్సిటీలో జెఫ్రీ హాల్ అనే ప్రొఫెసర్ 2018లో ప్రచురించారు. పరిచయం మామూలు స్నేహం కావాలంటే ఇద్దరూ యాభై గంటల వరకూ కలిసి గడపాలట. దగ్గరి స్నేహానికి రెండొందల గంటలు దాటాలట. ఆఫీసులో పక్కపక్కన పని చేసిన గంటలు అంతగా లెక్కకి రావట.

అక్క: రెండొందలా! మాకు ఆ గంటలు అద్దె ఇళ్లలోనే పడ్డాయిలే. ఒక గదిలో ముగ్గురం, ఇద్దరికి ఒక పరుపు, కరెంటు పోతే మేడ మీద కబుర్లు. వయసులో ఉన్నప్పుడు గంటలు ఊరికే వస్తాయి. నలభై దాటాక ఎవరిస్తారు? ఇల్లు, పిల్లల చదువులు, ఊళ్లో పెద్దవాళ్ల ఆరోగ్యం. అందుకే ఏడాదికి ఒక్క రోజైనా పొద్దున నుంచి సాయంత్రం దాకా కలిపి కూర్చోబెట్టే పని ఒకటి కావాలంటాను.

నేను: తేదీ ఎలా కుదురుతుంది? మా గ్రూపులో నలుగురం కలవాలన్నా వాట్సాప్‌లో నెలరోజులు చర్చ జరుగుతుంది, చివరికి ఎవరూ రారు.

అక్క: మీరు అడుగుతున్నారు కాబట్టి. మేము అడగం. సంక్రాంతి తర్వాత వచ్చే ఆదివారం. పండక్కి ఊరెళ్లినవాళ్లు తిరిగొచ్చి ఉంటారు, చేలో కాయలో, అరిసెలో తెస్తారు. ఈ ఏడాది ఉందా అని ఎవరూ ఫోన్ చెయ్యరు. రాలేనివాళ్లు రారు, వచ్చే ఏడాది వస్తారు. అందరికీ వీలైన రోజు వెతుక్కుంటూ పోతే ఆ రోజు దొరకదు నాయనా.

నేను: ఒక్క ఏడాది కూడా తప్పలేదా? కోవిడ్‌లో?

అక్క: 2022 జనవరి గుర్తుందా? ఒమిక్రాన్ అని కర్ణాటకలో శని, ఆదివారాలు కర్ఫ్యూ పెట్టారు. మా ఆదివారం సరిగ్గా అందులో పడింది. ముందే గురువారం నాడు కాయలు కొని, సంచుల్లో కట్టి, స్కూటర్ మీద ఇంటింటికీ ఇచ్చి వచ్చారు మా ఆయన. ఆదివారం ఫోన్లు ఎదురుగా పెట్టుకుని ఎవరింట్లో వాళ్లం పితుక్కున్నాం. కూర ఎవరి రుచి వాళ్లది. నాకు సంతృప్తిగా లేదు, కానీ ఆపలేదు. మానేసిన మొదటి ఏడాదికి కారణం ఉంటుంది. రెండో ఏడాదికి కారణం కూడా అక్కర్లేదు, దానంతటదే మానేసినట్టవుతుంది. నాకు ఆ భయం ఉంది.

నేను: వయసు సంగతికి వద్దాం. విందులో ఏం మారాయి?

అక్క: మొదట మారింది వేళ. మునుపు రాత్రి. మేడ మీద లైట్లు, పాటలు, బీరు, తెల్లవారేదాకా పేకాట. తర్వాత ఒకరొకరే పది గంటలకి వెళ్లిపోవడం మొదలైంది. ఒక వదిన నిజం చెప్పేసింది: ఎదురుగా వచ్చే బండి లైట్లు కళ్లలో కొడుతున్నాయి, కారు నడపాలంటే భయంగా ఉంది అని. చూపిస్తే శుక్లాలు. అప్పుడు మరో ముగ్గురు, నాకూ అంతే అన్నారు. అన్నాళ్లూ ఎవరికి వాళ్లు దాచుకున్నారు పాపం. ఆ మరుసటి ఏడాది నుంచి పగలు పెట్టాం.

నేను: మెట్రో కూడా కలిసొచ్చి ఉంటుంది.

అక్క: ఎంత మేలు చేసిందో. మేము మొదలుపెట్టినప్పుడు ఊళ్లో మెట్రో లేదు, 2011లో కదా మొదటి రైలు వచ్చింది, అది కూడా బైయప్పనహళ్లి నుంచి ఎం.జి. రోడ్డు దాకే. 2023 అక్టోబర్‌లో పర్పుల్ లైన్ వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా పూర్తయింది. వైట్‌ఫీల్డ్‌లో ఉండే జంట ట్రాఫిక్‌కి దడిసి రావడం తగ్గించేశారు అప్పటిదాకా. ఇప్పుడు అక్కడ ఎక్కి విజయనగర్‌లో దిగుతారు, మధ్యలో మారే పని లేదు.

నేను: ఇంకా?

అక్క: భోజనం సరిగ్గా ఒంటిగంటకి. ఇది నేను చాలా పట్టుగా ఉంటాను. మాలో సగం మందికి షుగర్. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్లు తిండి ఆలస్యమైతే షుగర్ పడిపోయి చెమటలు పడతాయి, కళ్లు తిరుగుతాయి. అందరూ రానీ, అప్పుడు వడ్డిద్దాం అనే మర్యాద మాకు పనికిరాదు. ఒంటిగంటకి ఎంతమంది ఉంటే అంతమందికి వడ్డిస్తాం.

కింద జంపఖానా మీద కూర్చోవడం పోయింది, చేతులున్న కుర్చీలు అద్దెకి తెస్తున్నాం. చేతులుంటే వాటి మీద బరువు మోపి లేవచ్చు. మేడ నుంచి కింద కారు పార్కింగ్‌లోకి దిగాం. అనపకాయలో పురుగు ఉంటుంది, చూసి ఒలవాలి. చత్వారం వచ్చినవాళ్లకి అది కనబడదు. బుట్టలో నాలుగు జతల కళ్లద్దాలు పెడతాను, ఎవరికి సరిపోయింది వాళ్లు పెట్టుకుంటారు.

పాటల సంగతి చెప్పాలి. మా హిందూపురం అన్న రెండు మూడేళ్లు ఓ మూల కూర్చుని నవ్వి ఊరుకునేవాడు. కోపమేమో, మేము ఏమన్నా అన్నామేమో అని బాధపడ్డాను. వాళ్లావిడ చెప్పింది, వినబడట్లేదు అని. ఇద్దరే ఉంటే బాగా వింటాడు. పదిమంది మాట్లాడుతూ వెనక పాట మోగుతుంటే మాట విడిపోదు. వయసుతో వచ్చే చెవుడులో ముందు సన్నటి శబ్దాలు పోతాయట. మాట శబ్దం వినిపిస్తుంది, అన్నదేమిటో అర్థం కాదు. పాటలు ఆపేశాం. ఆయన కుర్చీ గోడకి ఆనించి వేస్తాం, వెనక నుంచి గోల రాకుండా, మాట్లాడేవాళ్ల ముఖం కనబడేలా. మళ్లీ వాదనలు వేసుకుంటున్నాడు మనిషి. నాకు ఎంత ఆనందమో.

నేను: వచ్చేవాళ్లు తగ్గారా?

అక్క: తగ్గారు. ఒకప్పుడు యాభై అరవై మంది వచ్చేవాళ్లు, స్నేహితుల స్నేహితులు కూడా. ఇప్పుడు పాతిక లోపే.

నేను: స్టాన్‌ఫర్డ్‌లో లారా కార్‌స్టెన్సెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇదే చెబుతారు. ముందున్న కాలం తక్కువనిపించే కొద్దీ మనుషులు పైపై పరిచయాలు తామే వదులుకుని, మనసుకి దగ్గరైనవాళ్లతోనే గడపాలనుకుంటారని. అది ఒంటరితనం కాదంటారు.

అక్క: చాలావరకు నిజమే. ఎవరెవరినో పిలవాలనే ఆత్రం నాకూ పోయింది. కానీ అక్కడే ఆగిపోకూడదని నా అభిప్రాయం. మేమే మేమే కూర్చుంటే ఏటా ఒక కుర్చీ తగ్గుతుంది తప్ప పెరగదు. అందుకే ఏటా ఒకరిద్దరు కొత్తవాళ్లని పిలుస్తాం. కింద వాటాలో అద్దెకుండే కడప కుర్రాడు అలా వచ్చినవాడే.

నేను: కుర్చీ తగ్గడం అన్నారు. మీరు చెప్పగలిగితేనే చెప్పండి.

అక్క: చెబుతాను. మాలో ఒకాయన కొన్నేళ్ల కిందట నవంబర్‌లో పోయారు. గుండెపోటు. ఏటా సంగటి కెలికేది ఆయనే. పాతిక మందికి సంగటి అంటే మాటలు కాదు, భుజాల్లో బలం ఉండాలి. జనవరి వచ్చింది. ఏడాది తిరగలేదు, వాళ్లింట్లో పండగ లేదు. మేం చెయ్యొచ్చా, ఆయన భార్యని పిలవొచ్చా? ఒక్కొక్కరు ఒక్కో మాట. మా అత్తగారు అప్పటికి ఉన్నారు. ఆవిడ అన్నారు, మీలో మీరు అనుకోవడం ఎందుకు, వెళ్లి ఆ పిల్లనే అడగండి అని. వెళ్లాం. వదిన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సంగటి ఎవరు చేస్తారు మరి?" అంది.

వచ్చింది. మా ఆయన తెడ్డు పట్టుకోబోతే ఆపి, తీసుకెళ్లి ఆ కడప కుర్రాడి చేతిలో పెట్టింది. పొయ్యి పక్కన కుర్చీ వేసుకుంది. బియ్యం మెత్తగా ఉడికాక పిండి పోయించింది. కలపబోతున్నాడు వాడు. "ఇప్పుడే కలపొద్దు. తెడ్డు కాడతో మధ్యలో గుంత చెయ్. నీళ్లు గుంతలోంచి పైకి పొంగనీ. పిండి ఉడికిన వాసన వచ్చాక అప్పుడు దించి గట్టిగా కెలుకు. ఆయన అలాగే చేసేవాళ్లు" అంది. వాడు చెప్పినట్టే చేశాడు. ఉండ కట్టలేదు. తొలి ముద్ద తడి చేత్తో తనే చుట్టింది. మేమంతా ఏడ్చాం, తిన్నాం, ఆయన గురించి సాయంత్రం దాకా మాట్లాడుకున్నాం. పదో రోజు భోజనంలో ఆయన గురించి అన్ని మాటలు రాలేదు. అందరూ భయంగా, మర్యాదగా ఉన్నారు ఆ రోజు. ఇక్కడ ఆయన పేకాటలో చేసే తొండి కూడా చెప్పుకున్నాం, వదిన నవ్వింది.

నేను: ఇప్పుడు సంగటి ఆ కుర్రాడిదేనా?

అక్క: వాడిదే. పెళ్లయింది, భార్యని కూడా తెస్తాడు.

నేను: అక్కా, ఏదో ఒక ఏడాది మీకే ఓపిక లేకపోతే?

అక్క: అది అప్పుడు ఆలోచిద్దాం అనుకుంటే ఆలస్యమైపోతుంది. మోకాళ్లు ఇప్పటికే చెబుతున్నాయి. అందుకే పోయిన దీపావళికి పెద్ద గిన్నెలు రెండూ, తెడ్డూ, కళ్లద్దాల బుట్ట, అన్నీ ఆటోలో వేసి కెంగేరిలో ఉండే అనంతపురం వాళ్లింటికి పంపేశాను. నాకన్నా పదేళ్లు చిన్న జంట, మొదటి అంతస్తు వద్దని కింద ఇల్లే తీసుకున్నారు, పెద్ద వాకిలి. అదీ పర్పుల్ లైనే. నువ్వు చెయ్యలేనప్పుడు ఇస్తే వాళ్లకి బరువవుతుంది. చెయ్యగలిగినప్పుడు ఇస్తే, పక్కన కూర్చుని నేర్పొచ్చు.

నేను: అంటే ఈ జనవరిలో మొదటిసారి మీరు అతిథి!

అక్క: అవును. పొద్దున ఎనిమిదింటికే వెళ్లిపోయాం. అలవాటు, వంటింట్లోకి వెళ్లబోయాను. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పళ్లెం ముందు కూర్చోబెట్టింది. ఇన్నేళ్లలో పితకడానికి తీరిగ్గా కూర్చుంది లేదు నేను. పొయ్యి, గ్యాసు, పాలు, పెరుగు, ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, ఇదే ధ్యాస. ఈసారి హిందూపురం అన్నకి ఒక పక్క, సంగటి నేర్పిన వదినకి ఒక పక్క కూర్చుని పన్నెండున్నర దాకా లేవలేదు. ఆయన మనవరాలి సంగతులు, వదిన మొన్న కాశీ వెళ్లొచ్చిన సంగతులు, అన్నీ మొదటి నుంచి చివరి దాకా విన్నాను.

నేను: కూర ఎలా ఉంది మరి?

అక్క: మసాలా నా లెక్క కాదు, వాళ్ల అమ్మగారి లెక్క, నువ్వులు పడ్డాయి. ఉప్పు తగ్గించి వేశారు, బీపీ వాళ్లం ఉన్నామని. రెండు ముద్దలు తిన్నాను. వచ్చేటప్పుడు డబ్బాలో పెట్టి ఇచ్చారు, మరునాడు దోసెల్లోకి కూడా సరిపోయింది.