మెషిన్ కొనేముందు ఇంటిని కొలిపించండి

అందరికీ నమస్కారం. అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి, పొద్దున్నుంచీ కుర్చీలు సర్దుతూ తిరుగుతున్న వాలంటీరు పిల్లలకి నా కృతజ్ఞతలు. పరిచయంలో నా గురించి చెప్పిన పెద్ద మాటలన్నీ పక్కన పెట్టేయండి. భవనాల్లో వేడి, గాలి ఎలా తిరగాలో లెక్కలు కట్టడం నా వృత్తి, అంతే. అయితే ఈ రోజు ఇంజనీరుగా కంటే ఒక అక్కకి తమ్ముడిగా మాట్లాడాలని వచ్చాను. ఎందుకో మధ్యలో మీకే తెలుస్తుంది.

ఇచ్చిన అంశం, అమెరికాలో పాత ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్, చల్లబరిచే ఏసీ మార్చాల్సి వస్తే ఎలా ఎంచుకోవాలి అని. లోపలికి వస్తుంటేనే “ఏ బ్రాండ్ మంచిదండీ?” అని కొందరు అడిగారు. దానికి జవాబు ఇప్పుడే చెప్పేస్తాను. పేరున్న బ్రాండ్లన్నీ దాదాపు ఒకటే. బిగించేవాడు ముఖ్యం. అంతకంటే ముఖ్యం సైజు, అంటే మెషిన్ శక్తి. నాకిచ్చిన ఇరవై నిమిషాల్లో ఎక్కువ భాగం సైజుకే ఖర్చు పెడతాను, తరవాత డక్టులు, అంటే ఇంట్లో గాలి తిరిగే గొట్టాలు, తరవాత ఎఫిషియన్సీ, అంటే వాడిన గ్యాస్‌లో, కరెంటులో ఎంత పనికొస్తుందో. ఇదీ ప్లాను.

మామూలుగా ఏం జరుగుతుందో మీకు తెలుసు. జనవరిలో ఫర్నేస్ ఆగిపోతుంది. ఇంట్లో పసిపిల్లలో, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలో ఉంటారు. టెన్షన్‌లో ఫోన్ చేస్తాం. ఒకాయన వచ్చి బేస్‌మెంట్‌లోకి దిగి, పాత ఫర్నేస్ మీద వివరాలు రాసున్న రేకు చూసి, బయట ఏసీ యూనిట్ మీదున్న నంబరు చూసి, “ఇదే సైజు వేస్తాను, ఇంకొంచెం పెద్దది వేస్తే మీకే మంచిది” అంటాడు. మనం సంతకం పెడతాం. ఇల్లు ఎవరూ కొలవలేదు. కిటికీలు ఎవరూ లెక్కపెట్టలేదు. పైకప్పు కిందున్న అటక, అదే యాటిక్‌లోకి ఎవరూ ఎక్కలేదు.

ఆ పాత సైజు ఎవరు నిర్ణయించారు? ఇల్లు కట్టినప్పుడు ఎవరో. అప్పటికి గోడల్లో వేడిని ఆపే పొర, అంటే ఇన్సులేషన్ ఉందో లేదో, కిటికీలకి ఒకటే అద్దం ఉండేదేమో. ఆ తరవాత మీకు ముందున్న ఓనరు కిటికీలు మార్పించాడు, మీరు యాటిక్‌లో ఇన్సులేషన్ వేయించారు. ఇల్లు మారింది, రేకు మీది నంబరు మాత్రం మారలేదు.

ఒక లెక్క చూపిస్తాను, కాస్త ఓపిక పట్టండి. పాత ఫర్నేస్ రేకు మీద ఇన్‌పుట్ గంటకు 1,00,000 బీటీయూ అని ఉందనుకోండి. బీటీయూ అంటే వేడికి కొలత, ఇన్‌పుట్ అంటే మండే గ్యాస్‌లోని మొత్తం వేడి. అది 80 శాతం రకమైతే ఇంట్లోకి వచ్చేది 80,000. మిగతాది చిమ్నీలోంచి పోతుంది. ఇప్పుడు మీ ఊళ్లో బాగా చలి పట్టిన రాత్రి, థర్మోస్టాట్‌ని ముట్టుకోకుండా ఒకే టెంపరేచర్ మీద వదిలేసి, కొన్ని గంటల పాటు బర్నర్ ఎంతసేపు మండుతుందో చూడండి. ఫ్యాన్ కాదు, మంట. సగటున గంటకు 33 నిమిషాలు మండిందనుకుందాం. అంటే అంత చలిలోనూ మీ ఇంటికి కావాల్సింది 80,000లో నూటికి 55 వంతులు, 44,000 మాత్రమే. మరి “అదే సైజు” అంటూ కొత్తది 1,00,000 ఇన్‌పుట్‌తో 95 శాతం రకం పెట్టారనుకోండి, ఇంట్లోకి వచ్చేది 95,000. కావాల్సిన దానికి రెట్టింపు కన్నా ఎక్కువ. పాతదాని కంటే పెద్దది పెట్టినట్టే, పేరుకి మాత్రం అదే నంబరు. ఈ ఇంటికి 60,000 ఇన్‌పుట్‌ది తీసుకుంటే 57,000 ఇస్తుంది, ఇంకా మిగులు ఉంటుంది.

ఈ లెక్కకి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. గడియారం చాలు. ఫర్నేస్ ఇంకా పనిచేస్తున్నప్పుడే ఈ చలికాలం ఒక రాత్రి చూసి రాసిపెట్టుకోండి. ఆగిపోయాక చూడటానికి ఏమీ ఉండదు. ఇది సరిచూసుకోడానికే సుమండీ, అసలు లెక్క వేరే ఉంది. దాన్ని మాన్యువల్ జె అంటారు. ఇక్కడి ఏసీ కాంట్రాక్టర్ల సంఘం ఏసీసీఏ వాళ్లే తయారుచేసుకున్న పద్ధతి అది. గోడలు, కిటికీలు ఏ దిక్కున ఉన్నాయి, యాటిక్ ఇన్సులేషన్ ఎంత, గాలి ఎక్కడెక్కడ దూరుతోంది, అన్నీ లెక్కలోకి వస్తాయి. వాళ్ల సంఘం పద్ధతినే వాళ్లని పాటించమని అడుగుతున్నాం, అందులో మొహమాటం ఎందుకు?

ఇక అక్క సంగతి.

మా అక్కా బావగారిది పాత ఇల్లు. 3 టన్నుల ఏసీ ఉండేది. టన్ను అంటే బరువు కాదు, గంటకు 12,000 బీటీయూల వేడిని బయటికి తోసే శక్తి. మార్చడానికి వచ్చినతను ఎండాకాలంలో పైగదులు వేడిగా ఉంటాయని అక్క చెప్పిన ఒక్క మాట పట్టుకుని 4 టన్నులది పెట్టేశాడు. పైగదులు వేడెక్కడానికి కారణం యాటిక్‌లో విడిపోయిన డక్టు. దాన్ని అతను చూడనే లేదు.

ఆ వేసవిలో నేను వాళ్లింటికి వెళ్లాను. థర్మోస్టాట్ మీద 74 ఫారెన్‌హీట్ చూపిస్తోంది, కానీ ఒళ్లంతా జిడ్డు. తలుపులు వాటం తప్పి పట్టేస్తున్నాయి. డబ్బాలో ఉప్పు గడ్డకట్టింది. డైనింగ్ టేబుల్ మీద తేమ కొలిచే మీటరు పెడితే 66 శాతం చూపించింది. ఏసీ దగ్గర నుంచుని చూశాను. గట్టిగా మోత పెట్టి మొదలవుతుంది, ఏడెనిమిది నిమిషాల్లో ఇల్లు చల్లబడిందని ఆగిపోతుంది. లోపల గాలిని చల్లబరిచే గొట్టాల చుట్టని కాయిల్ అంటారు. అది చల్లబడి, గాలిలోని తేమ దాని మీద పట్టి, బొట్లు బొట్లుగా కారి డ్రెయిన్ పైపు దాకా వెళ్లడానికే కొన్ని నిమిషాలు పడుతుంది. అంతలోనే ఆగిపోతే కాయిల్ మీది తడి మళ్లీ గాలిలోకే ఆరిపోతుంది. పైగా అతను ఫ్యాన్‌ని ఎప్పుడూ ఆన్‌లో ఉంచమని సలహా ఇచ్చి వెళ్లాడు, దాంతో ఇంకా తొందరగా ఆరేది. బావగారికి ఆస్తమా. ఆ వేసవంతా ఆయన ఇన్‌హేలర్ పక్కన పెట్టుకునే పడుకున్నారు. కంపెనీకి ఫోన్ చేస్తే, తేమ లాగే మెషిన్, డీహ్యూమిడిఫయర్ అమ్ముతామన్నారు.

1902లో విల్లిస్ కేరియర్ అనే ఇంజనీరు మొదటి ఎయిర్ కండిషనింగ్ పద్ధతి తయారుచేసింది ఎవరికో చల్లగా ఉండాలని కాదు. బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్. గాలిలో తేమ మారినప్పుడల్లా కాగితం సాగేది, ముడుచుకునేది, ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చునేది కాదు. ఆ తేమని అదుపులో పెట్టడానికి ఆయన చేసిన పని ఇది. కాగితాల కోసం అంత లెక్క కట్టినవాళ్లున్న ఈ దేశంలో, నూట ఇరవై ఏళ్ల తరవాత మనుషులు పడుకునే గదికి లెక్క కట్టనంటే ఎలాగండీ? ఇందులో నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

డక్టుల సంగతి కూడా ఆ ఇంట్లోనే చెప్పేస్తాను. ఒక టన్నుకి నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలి తిరగాలి. 3 టన్నులకి 1,200, 4 టన్నులకి 1,600. మెషిన్ మారింది, గోడల్లో ఉన్న రేకు గొట్టాలు మాత్రం పాతవే. పాత ఇళ్లలో చాలా వాటికి డక్టులు ఫర్నేస్ కోసం వేసినవి, ఏసీ తరవాత వచ్చి చేరింది. ముఖ్యంగా గాలిని వెనక్కి తెచ్చే రిటర్న్ డక్టు చాలా చిన్నది. అక్కావాళ్ల హాల్లో ఒకే ఒక్క రిటర్న్ జాలీ. ఏసీ నడుస్తుంటే దాని మోతకి టీవీ వినపడదు. గాలికి ఎదురయ్యే ఒత్తిడిని స్టాటిక్ ప్రెషర్ అంటారు. దాన్ని అంగుళాల నీటిమట్టంలో కొలుస్తారు. చాలా ఫర్నేసులకి 0.5 అంగుళాల దాకా అని రాసి ఉంటుంది. ఫర్నేస్‌కి రెండు చిన్న రంధ్రాలు చేసి మీటరు పెడితే నిమిషాల్లో తెలిసే సంగతి. వచ్చినతన్ని “నా డక్టుల స్టాటిక్ ప్రెషర్ ఎంత?” అని అడగండి. మొహం చూస్తేనే అతను మీటరు వాడతాడో లేదో తెలిసిపోతుంది. ఇంకోటి, మామూలు ఇళ్లలో డక్టుల్లో తిరిగే గాలిలో 20 నుంచి 30 శాతం అతుకుల్లోంచి, కన్నాల్లోంచి పోతుందని ఇక్కడి ప్రభుత్వ కార్యక్రమం ఎనర్జీ స్టార్ చెప్తుంది. ముందు దాన్ని మూయించండి. అయితే పాత ఇళ్లలో డక్టుల మీద తెల్లటి గుడ్డలాంటి టేపు, చుట్టూ బూడిదరంగు కవరు కనిపిస్తే చేతులు పెట్టకండి. ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్బెస్టాస్ పీచు కావొచ్చు. పరీక్ష చేయించాకే ఎవరైనా ముట్టుకోవాలి.

కార్యదర్శి గారు చెయ్యి ఊపుతున్నారు. టైము అవుతోందని నాకు తెలుసు. ఎఫిషియన్సీ స్లైడ్లు వదిలేస్తాను, కానీ ఇప్పుడు చెప్పబోయేది వదలను. దయచేసి వెనక వరసల్లోవాళ్లు ఫోన్లు పక్కన పెట్టి వినండి.

పాత 80 శాతం ఫర్నేస్ పొగ చిమ్నీలోకి పోతుంది. గ్యాస్ వాటర్ హీటర్ పొగ కూడా చాలా ఇళ్లలో అదే చిమ్నీలోకి పోతుంది. రెండూ కలిసి చిమ్నీని వెచ్చగా ఉంచుతాయి, వేడి పొగ పైకి లాగుతుంది. 90 శాతం పైబడిన కొత్త ఫర్నేస్ అలా కాదు. పొగలోని నీటి ఆవిరిని కూడా చల్లార్చి ఆ వేడినీ వాడుకుంటుంది, మిగిలిన చల్లటి పొగని ప్లాస్టిక్ పైపులో గోడ పక్కనుంచి బయటికి పంపుతుంది. చాలా మంచి మెషిన్. కానీ ఆ రోజు నుంచి అంత పెద్ద ఇటుక చిమ్నీకి చిన్న వాటర్ హీటర్ ఒక్కటే దిక్కు. చిమ్నీ చల్లబడిపోతుంది. పొగ పైకి లాగదు. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్, బాత్రూం ఫ్యాన్, బట్టలారబెట్టే డ్రయ్యరు ఒకేసారి వేశామా, ఆ పొగ వెనక్కి, ఇంట్లోకే వస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉండొచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు.

అక్కా వాళ్లింట్లో జరిగింది ఇదే. ఏసీతో పాటు ఫర్నేస్‌ని కూడా ఈ కొత్త రకానికే మార్చారు. చలికాలం మొదలయ్యాక పొద్దున్నే అక్కకి తలనొప్పి, వికారం. బయటికి వెళ్తే తగ్గేది. బీపీ అనుకుని మందు మార్పించింది. నేను ఫోన్లో విని, గ్యాస్ కంపెనీకి ఫోన్ చేయమని పోట్లాడాను. వచ్చినాయన వాటర్ హీటర్ వెలిగించి, దాని మీద గొడుగులా ఉండే లోహపు మూత దగ్గర సన్నటి పొగ వదిలాడు. పొగ పైకి పోవాలి. ఆయన మొహం మీదికి వచ్చింది. అప్పటికప్పుడు గ్యాస్ కట్టేశాడు. చిమ్నీలోపల ఆ హీటరుకి తగ్గ సన్నటి స్టీల్ గొట్టం, అంటే లైనరు దింపించి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు. లేదా హీటర్‌ని వేరే రకానికి మార్చాలి. ఫర్నేస్ పెట్టినవాడు చిమ్నీ మాటే ఎత్తలేదు.

అమ్మా, అయ్యా, మీలో ఎంతమంది ఇళ్లలో ఫర్నేస్ ఈ మధ్య మార్చారు? చేతులెత్తండి. ఎత్తినవాళ్లు ఇంటికెళ్లగానే బేస్‌మెంట్‌లోకి దిగి చూడండి. ఫర్నేస్‌కి ప్లాస్టిక్ పైపు ఉండి, వాటర్ హీటర్ లోహపు గొట్టం ఒక్కటే చిమ్నీలోకి పోతుంటే, లైనరు వేశారా లేదా అని రేపే ఫోన్ చేసి అడగండి. పడక గదుల బయట, ప్రతి అంతస్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. పాతబడిన అలారాలు సరిగ్గా పనిచేయకపోవచ్చు, వెనకాల తారీకు ఉంటుంది, చూడండి.

మిగతావి గబగబా చెప్తాను. పాత ఏసీలో చల్లబరిచే గ్యాస్ ఆర్-22 రకమైతే దాన్ని పట్టుకుని వేలాడకండి. 2020 జనవరి 1 నుంచి దాని తయారీ, దిగుమతి ఆగిపోయాయి. ఆర్-410ఏతో కొత్త ఇంటి ఏసీల తయారీకి కూడా 2025 నుంచి కాలం చెల్లింది. ఇప్పుడు వస్తున్నవి ఆర్-32, ఆర్-454బి. ఇవి కొద్దిగా మండే రకం, కాబట్టి వాటి మీద ట్రైనింగ్ ఉన్నవాళ్లతోనే పెట్టించండి. బయటి యూనిట్ ఒక్కటే మార్చి లోపలి కాయిల్ పాతదే ఉంచుతానంటే ఒప్పుకోవద్దు, రెండూ జత కుదరాలి. ఏసీ గాలిని తోసేది ఫర్నేస్‌లోని ఫ్యానే కాబట్టి రెండూ ముసలివైతే కలిపి మార్చడంలో అర్థముంది. ఫర్నేస్ బాగానే ఉంటే బలవంతాన మార్చమన్నవాణ్ణి కారణం రాసిమ్మనండి. మంట వేడిని గాలికి అందించే లోహపు గది, హీట్ ఎక్స్‌ఛేంజర్ పగిలిందన్నా సరే, ఆ పగులు కెమెరాలో చూపించమనండి, ఇంకొకరిని పిలిచి చూపించండి. ఆ లోపు మాత్రం ఫర్నేస్ ఆపే ఉంచండి. ఫెడరల్ టాక్స్ క్రెడిట్ వస్తుందని ఆశపెడితే నమ్మకండి, 2025 డిసెంబర్ 31 తరవాత పెట్టిన వాటికి అది లేదు. రాష్ట్రాలు, కరెంటు, గ్యాస్ కంపెనీల రిబేట్లు వేరు, అవి మీరే కనుక్కోండి. ఫర్నేస్‌తో పాటు హీట్ పంప్, అంటే చలికాలంలో తిరగబడి బయటి వేడిని లోపలికి తెచ్చే ఏసీ లాంటిది, పెట్టించుకోవడం గురించి అడగాలనుకుంటున్నవాళ్లు కూడా ముందు ఇదే పని చేయాలి, కన్నాలు మూయించి, ఇన్సులేషన్ చూసుకుని, ఇల్లు కొలిపించాలి. హీట్ పంప్‌కి సైజు తప్పితే ఇంకా ఇబ్బంది.

ఫర్నేస్ చెడిపోకముందే, వసంతంలోనో శరదృతువులోనో, తీరిగ్గా ముగ్గురిని పిలవండి. చలిలో వణుకుతూ బేరమాడలేం.

కొటేషన్లు వెంట తెచ్చుకున్నవాళ్లు కొందరున్నారని చెప్పారు. భోజనాల దగ్గర ఒక్కొక్కటీ చూస్తాను, నాకేం ఇబ్బంది లేదు. కాకపోతే నా దగ్గరికి వచ్చేముందు సైజు లెక్క ఉన్న కాగితం తీసి పైన పెట్టుకోండి. అది లేని కొటేషన్ మీద నేను చెప్పగలిగేది ఏమీ లేదు, దాన్ని ఇచ్చినవాణ్ణే అడిగి తెప్పించుకోండి. మూడో వరసలో ఇందాకట్నుంచి చెయ్యెత్తి ఉన్న అమ్మాయి, మీరు అడగండమ్మా.