చక్రవర్తి అంటే ఎవరు?

(శ్రీకాకుళంలో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

పెద్దలందరికీ నమస్కారం. పిల్లలూ, ముందుకొచ్చి కూర్చోండి. ఇవాళ మీతోనే ఎక్కువ పని.

ముఖలింగం గుడికి మీలో చాలామంది వెళ్లే ఉంటారు. గంగరాజుల రాజధాని కళింగనగరం అదేనని చరిత్రకారులు చెబుతారు. 1038లో పట్టం కట్టుకున్న వజ్రహస్తుడి రాగిరేకుల్లో మహారాజాధిరాజ, పరమభట్టారక, త్రికళింగాధిపతి అంటూ బిరుదుల వరస కనిపిస్తుంది. అతని మనవడే 1078లో గద్దెనెక్కిన అనంతవర్మ చోడగంగదేవుడు. ఈ బిరుదులన్నిటి వెనకా ఉన్న ఊహ ఒక్కటే, చక్రవర్తి.

చక్రం ఎక్కడా అడ్డు లేకుండా తిరిగేది ఎవరిదో వాడు చక్రవర్తి. రాజుల చక్రానికి, అంటే రాజమండలానికి నడుమ ఉన్నవాడని ఇంకో అర్థం. అమరకోశం అతన్నే సార్వభౌముడంది. సమ్రాట్టు అనిపించుకోవాలంటే రాజసూయం చేసి ఉండాలి, తోటి రాజులు అతని ఆజ్ఞలో నడవాలి. కౌటిల్యుడైతే హిమాలయం నుంచి సముద్రం దాకా చక్రవర్తి క్షేత్రమని కొలత కూడా పెట్టేశాడు.

ఆ కొలతకు దాదాపు సరిపోయినవాడు అశోకుడు. మన కళింగ మీదికి వచ్చి లక్షమందిని చంపించాడు, లక్షన్నర మందిని తరలించుకుపోయాడు. ఆ లెక్క తన శాసనంలో తనే చెక్కించుకున్నాడు. అంతటివాడూ శాసనాల్లో తనను ‘ప్రియదర్శి రాజు’ అనే చెప్పుకున్నాడు. వట్టి రాజు! ఆ తర్వాత కళింగనేలిన ఖారవేలుడి పట్టపురాణి మాత్రం భువనేశ్వర్ దగ్గరి ఉదయగిరి గుహలో తన భర్తను ‘కళింగ చక్రవర్తి’ అని రాయించింది. అంత దెబ్బ తిన్న నేల మళ్లీ లేచి ఆ మాట రాసుకుంది. నాకది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అయితే నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే అర్థం బౌద్ధులది. బౌద్ధ స్తూపాలున్న మన శాలిహుండం కొండెక్కినప్పుడల్లా అదే గుర్తొస్తుంది. బుద్ధుడి బోధల పాళీ గ్రంథం దీఘనికాయంలో ఒక కథ ఉంది. ధర్మంగా ఏలే రాజుకు ఆకాశంలో దివ్యచక్రం కనిపిస్తుంది. అతను గద్దె దిగి సన్యసించాక ఏడో రోజున అది మాయమవుతుంది. కొత్త రాజు కంగారుపడి తండ్రి దగ్గరికి పరిగెడతాడు. “నాయనా, అది తండ్రి నుంచి వచ్చే ఆస్తి కాదు. ధర్మంగా నడుచుకో, బీదవాళ్లకు ధనమివ్వు” అంటాడాయన. కొన్ని తరాలు అలాగే సాగాయి. తర్వాత ఒక రాజు వచ్చాడు. కాపలా పెట్టాడు, రక్షణ చూశాడు, లేనివాళ్లకు మాత్రం పైసా ఇవ్వలేదు. దాంతో పేదరికం పెరిగింది. దాని వెనక దొంగతనం, దొంగతనం వెనక కత్తులు, కత్తుల వెనక హత్యలు.

మన పాఠాల్లో చక్రవర్తి అనగానే గుర్రాలూ, యుద్ధాలూ, గెలిచిన దేశాల పేర్లే వస్తాయి. ఇక్కడున్న మాస్టార్లను, టీచరమ్మలను ఒక్కటే అడుగుతున్నాను. ఈసారి ఆ పాఠం చెప్పేటప్పుడు, పైసా ఇవ్వని ఆ రాజు కథ కూడా పిల్లలకు చెప్పండి.