నాసా పరుపులో నాసా ఎంత?

తమ్ముడు: నమస్కారం. ఈ వారం పరుపుల సంగతి. గుంటూరులో ఫర్నిచర్ షాపు నడుపుతున్న మా అక్కని మళ్లీ పట్టుకొచ్చాను. అక్కా, ఫోన్‌లో ఒక మెమరీ ఫోమ్ పరుపు చూశాను. ఎనిమిది అంగుళాలు, నాసా టెక్నాలజీ, ఆర్థోపెడిక్, కూలింగ్ జెల్, పదేళ్ల వారంటీ. అరవై శాతం తగ్గింపు కూడా, ఈ రాత్రి వరకేనట.

అక్క: రేపు రాత్రి కూడా చూడు, బహుశా అలాగే ఉంటుంది. అది సరే, నువ్వు చదివినదాంట్లో ఫోమ్ గురించి ఒక్క అంకె అయినా ఉందా?

తమ్ముడు: ఎనిమిది అంగుళాలు ఉంది కదా.

అక్క: అది పరుపు మందంరా. అందులో మెమరీ ఫోమ్, అంటే నొక్కితే మెల్లగా పైకొచ్చే ఫోమ్, ఎంత? చాలా పరుపుల్లో పైన ఒక అంగుళమో, రెండు అంగుళాలో ఉంటుంది. కిందదంతా మామూలు పీయూ ఫోమే, అంటే సాదా స్పాంజి. అలా చెయ్యడం తప్పేం కాదు. మొత్తం మెమరీ ఫోమే పెడితే మనిషి దిగబడిపోతాడు, కింద గట్టి పొర ఉండాల్సిందే. కాకపోతే పేరంతా పై పొరది, పరుపు బతికేది కింది పొర మీద.

తమ్ముడు: మరి నాసా?

అక్క: అది అబద్ధం కాదు. 1966లో నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రం కాంట్రాక్టు మీద చార్లెస్ యోస్ట్ అనే ఇంజనీరు ఈ మెమరీ ఫోమ్‌ని తయారుచేశాడు. ఎందుకూ? విమానం సీట్ల కోసం. ప్రమాదం జరిగితే కూర్చున్నవాళ్లకి దెబ్బ తగ్గాలని. 1980ల మొదట్లో నాసా ఆ విధానాన్ని అందరికీ వదిలేసింది. స్వీడన్ కంపెనీ ఒకటి దాన్ని పరుపులకి పనికొచ్చేలా మార్చి 1991లో అమ్మకం మొదలుపెట్టింది. ఇప్పుడు ఫోమ్ పోసే ప్రతివాడూ ఆ పేరు చెప్పుకుంటాడు. నువ్వు కొనే ముక్కని నాసా చూసిందీ లేదు, పరీక్షించిందీ లేదు.

తమ్ముడు: సరే, ఏ అంకె అడగాలి?

అక్క: డెన్సిటీ. ఒక క్యూబిక్ మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో అది. ఏ పొరది ఆ పొరకి విడిగా అడగాలి. డెన్సిటీ అంటే గట్టిదనం అనుకుంటారు చాలామంది. షాపులో వేలితో నొక్కి చూసి, "డెన్సిటీ బాగుందండీ" అంటారు. రెండూ వేరు. మెత్తగా ఉండే ఫోమ్‌కి డెన్సిటీ ఎక్కువ ఉండొచ్చు, గట్టిగా ఉన్నదానికి తక్కువా ఉండొచ్చు. గట్టిదనం మొదటి రోజే తెలుస్తుంది. గుంట ఎంత త్వరగా పడుతుందో చాలావరకు డెన్సిటీ చెబుతుంది.

తమ్ముడు: వాళ్లు చెప్పకపోతే?

అక్క: బరువు అడుగు. లెక్క చాలా సులువు. ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, ఎనిమిది అంగుళాల మందం అంటే సుమారు 0.57 క్యూబిక్ మీటర్లు. పరుపు బరువు 17 కిలోలని రాశారనుకో. పైన 60 డెన్సిటీ మెమరీ ఫోమ్ రెండు అంగుళాలు ఉందంటే అదొక్కటే ఎనిమిదిన్నర కిలోలు. మిగతా ఆరు అంగుళాలకి మిగిలింది ఎనిమిదిన్నరే. అంటే కింద ఉన్నది 20 డెన్సిటీ. కవరు బరువు తీసేస్తే ఇంకా తక్కువే. రోజూ ఇద్దరు పడుకునే పరుపుకి అది చాలదురా. లేదంటే పై పొర గురించి చెప్పింది నిజం కాదు. రెండిట్లో ఏదో ఒకటి.

తమ్ముడు: అమ్మో, తూకం వేసి కొనాలన్నమాట! కానీ రేటింగ్ నాలుగున్నర నక్షత్రాలు ఉంది.

అక్క: రివ్యూలు ఎప్పుడు రాశారో చూడు. చాలావరకు మొదటి నెలలోవి. మొదటి నెలలో ఏ ఫోమ్ అయినా బాగానే ఉంటుంది.

తమ్ముడు: ఆర్థోపెడిక్ అంటే డాక్టర్లు ఒప్పుకున్నట్టేగా?

అక్క: ఏ డాక్టరూ? ఆ మాట ఎవరైనా వేసుకోవచ్చు. మనవాళ్లకి నడుం నొప్పి అనగానే బల్ల మీద పడుకోమని చెప్పడం అలవాటు, ఆ నమ్మకాన్నే అమ్ముతున్నారు. 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో స్పెయిన్ పరిశోధన ఒకటి వచ్చింది. చాలాకాలంగా నడుం నొప్పి ఉన్న 313 మందికి కొందరికి బాగా గట్టి పరుపు, కొందరికి మధ్యస్థంగా ఉన్నది ఇచ్చారు. 90 రోజుల తర్వాత మధ్యస్థం వాడినవాళ్లకే ఎక్కువ ఉపశమనం.

తమ్ముడు: కూలింగ్ జెల్?

అక్క: పడుకోగానే చల్లగా తగులుతుంది, నిజమే. ఒంటి వేడికి జెల్ కూడా వేడెక్కాక ఇక చేసేదేమీ లేదు. పైగా మెమరీ ఫోమ్ వేడికి మెత్తబడుతుంది, చలికి బిగుసుకుంటుంది. ఏసీ లేని గదిలో మే నెలలో ఇంకాస్త లోపలికి దిగి, ఒంటి చుట్టూ గాలి ఆడదు. ఏసీ లేకపోతే నేనైతే మెమరీ ఫోమ్ అమ్మను. కొబ్బరి పీచు పరుపో, రబ్బరు పాలతో చేసే లేటెక్సో చూసుకోమంటాను.

తమ్ముడు: నీ వ్యాపారం ఎలా నడుస్తోందో! పోనీ ప్రకటనల్లో నిజమైనది ఒక్కటైనా ఉందా?

అక్క: ఉంది. పక్కవాళ్లు దొర్లినా మనకి తెలియదంటారే, అది నిజం. పక్కకి తిరిగి పడుకునేవాళ్లకి భుజం మీద ఒత్తిడి కూడా తగ్గుతుంది. కానీ నొక్కితే మెల్లగా పైకొచ్చే ఫోమ్ కదా, పెద్దవాళ్లకి అందులోంచి లేవడం, అటూ ఇటూ తిరగడం కష్టం. అమ్మకి మాత్రం కొనకు.

తమ్ముడు: పదేళ్ల వారంటీ ఉందిగా, అదైనా ధైర్యమే.

అక్క: ఆ కాగితం చదివావా? ఎంత లోతు గుంట పడితే మారుస్తారో రాసి ఉంటుంది. అంగుళం అని ఉందనుకో, ఎవరూ పడుకోనప్పుడు కొలిచిన అంగుళం అది. నువ్వు పడుకున్నప్పుడు ఎంత దిగినా లెక్కలోకి రాదు. మరక పడితే వారంటీ చెల్లదని కూడా ఉండొచ్చు. వంద రాత్రులు వాడి చూడమంటారు చూడు, వెనక్కి పంపేటప్పుడు రవాణా ఖర్చు ఎవరిదో ముందే అడుగు.

తమ్ముడు: అయితే ఇప్పుడే మెసేజ్ పెడతాను. పొరల మందం, ఒక్కోదాని డెన్సిటీ, మొత్తం బరువు.

అక్క: ఫోన్‌లో చెప్తామంటే ఒప్పుకోకు, రాసి పంపమను. వచ్చిన పరుపు ఆ లెక్కకి తేడాగా ఉండి వాళ్లు పట్టించుకోకపోతే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసేటప్పుడు ఆ మెసేజే నీకు ఆధారం.